వాతావరణ నౌకల జ్ఞాపకాలు ఇళ్ళలో ఉండగానే సేకరించండి: ప్రపంచ వాతావరణ సంస్థకు బహిరంగ లేఖ

ప్రపంచ వాతావరణ సంస్థ అధికారులకు, అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల్లో వాతావరణ నౌకలు నడిపిన దేశాల వాతావరణ శాఖలవారికి, ఆ శాఖల ఆర్కైవులు చూసుకునేవారికి నమస్కారాలు.

2010 జనవరి 1తో నార్వే నౌక పోలార్‌ఫ్రంట్ పని ఆగిపోయింది. ప్రపంచంలో చివరి వాతావరణ నౌక అదే. అమెరికా కోస్ట్‌గార్డ్ తన ఆఖరి స్టేషన్ (నడిసముద్రంలో నౌక నిలిచే చోటు) ‘హోటల్’ను 1977లోనే వదిలేసింది. పసిఫిక్‌లో ‘పాపా’ దగ్గర నిలిచిన కెనడా నౌకలు 1981లో, ‘లిమా’ దగ్గరి బ్రిటిష్ నౌక 1996లో ఇంటిదారి పట్టాయి. 1960లో ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా ఆ ఓడల వెనక డెక్కు మీద బెలూన్ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. ఇల్లు అమ్మినప్పుడో, ఆయన పోయినప్పుడో ఆ పెట్టెలో ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేల్చేది ఓడ ఎరగని మనవలు. వాళ్ళ చేతికి వెళ్ళకముందే మీరు ఆ పెట్టె దగ్గరికి వెళ్ళాలని ఈ లేఖ.

ఈ పేజీ చదివే తెలుగువారి కోసం కొంచెం చెప్పాలి. ఈ నౌకలు ఎక్కడికీ పోయేవి కావు, ఉన్నచోట ఉండడమే వాటి పని. 1946లో లండన్‌లో కుదిరిన ఒప్పందంలో ఉత్తర అట్లాంటిక్‌కు 13 స్టేషన్లు నిర్ణయించారు. ఒక్కో నౌక సుమారు మూడు వారాలు నడిసముద్రంలో తన చోట నిలిచి గాలి, పీడనం, ఉష్ణోగ్రత, మబ్బు, అలలు చూసి గంట గంటకూ కబురు పంపేది. బెలూన్లు ఎగరేసి పైగాలుల లెక్క తీసేది. పైన పోయే విమానాలకు రేడియో బీకన్‌గా దారి చెప్పేది. విమానం నీళ్ళలో దిగాల్సి వస్తే మనుషుల్ని ఎక్కించుకునేది. 1947 అక్టోబరులో బెర్ముడా స్కై క్వీన్ అనే ఎగిరే పడవ (నీటి మీద దిగగల విమానం) ఇంధనం చాలక అట్లాంటిక్‌లో దిగితే బిబ్ నౌక 69 మందినీ కాపాడింది. 1956 అక్టోబరు 16న పసిఫిక్‌లో ‘నవంబర్’ స్టేషన్ దగ్గర పాంచర్‌ట్రెయిన్ నౌక పక్కన దిగిన పాన్ ఆమ్ విమానంలో 31 మందీ బతికి బయటపడ్డారు. ప్రాణాలు పోయిన ఓడలూ ఉన్నాయి. 1942 సెప్టెంబరులో మస్కీగెట్ జాడ లేకుండా పోయింది. నావికులతోపాటు అందులో అమెరికా వాతావరణ శాఖ మనుషులు నలుగురున్నారు. ఫ్రెంచి వాతావరణ నౌక లాప్లాస్ 1950 సెప్టెంబరు 16న యుద్ధకాలపు మైన్ తగిలి మునిగి 51 మందిని తీసుకుపోయింది.

ఆ ఓడలు పంపిన అంకెలు మీ దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటికి కంప్యూటర్ రూపం కూడా వచ్చింది. ఆ అంకెలు ఎలా తయారయ్యాయన్న సంగతి మాత్రం చాలా భాగం ఇళ్ళలో ఉండిపోయింది. సముద్రపు నీటి ఉష్ణోగ్రతనే తీసుకోండి. కాన్వాస్ బకెట్ తాడు కట్టి వదిలి నీళ్ళు పైకి లాగితే, థర్మామీటరు చూసేలోపు తడి గుడ్డ గుండా ఆవిరై నీళ్ళు చల్లబడతాయి. ఇంజన్ గదిలోకి వచ్చే నీటి గొట్టం దగ్గర కొలిస్తే అక్కడి వేడికి అంకె పైకి పోతుంది. తేడా డిగ్రీలో పదోవంతుల్లోనే ఉంటుంది. వాతావరణ మార్పు లెక్కలకు ఆ పదోవంతులే ప్రాణం. 1945 చివర సముద్ర ఉష్ణోగ్రత రికార్డులో కనిపించే ఆ హఠాత్తు పతనం, ఎక్కువ లెక్కలు అమెరికా ఓడల నుంచి కాక బ్రిటిష్ ఓడల నుంచి రావడం మొదలైనందువల్ల వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు చూపారు. రెండు దేశాలవారు కొలిచే తీరు వేరు మరి. ఇప్పుడు ఒక ఫోటో ఊహించండి: డెక్కు మీద నవ్వుతూ నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బకెట్. ఇంటివాళ్ళకు అది నాన్న ఫోటో. అది కాన్వాసో, రబ్బరో, తాడు ఎంత పొడవుందో, ఎండ పడే పక్కన వేశారో నీడ పక్కన వేశారో చెప్పగల సాక్ష్యం కూడా అదే. ఏ ఓడ, ఏ స్టేషన్, ఏ నెల అన్నది తెలిస్తేనే ఆ సాక్ష్యం పనికొస్తుంది. అందుకే మా మాట ఒక్కటే: వస్తువు ఒక్కటే తీసుకుని వివరం వదిలేయకండి, వివరం కోసమే వస్తువు తీసుకోండి.

వివరం రాబట్టడంలో కుటుంబాలవారు తడబడేది ఎక్కడో చెబుతాం, ఎందుకంటే వస్తువులు ఇచ్చేవారి కోసం అన్ని దేశాలకూ ఒకేలా ఉండాలని మేం కోరే ఫారంలో అడగాల్సిన ప్రశ్నలు అక్కడే పుడతాయి.

మొదటిది స్టేషన్ల పేర్లు. రేడియోలో అక్షరాలు పొరబడకుండా చెప్పడానికి వాడే మాటలే వాటికి పేర్లు. 1956 మార్చి 1 నుంచి కొత్త రేడియో అక్షరమాల వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ‘డాగ్’ అన్నది ఆ తర్వాత ‘డెల్టా’. ‘ఈజీ’ అన్నది ‘ఎకో’, ‘ఐటెం’ అన్నది ‘ఇండియా’, ‘జిగ్’ అన్నది ‘జూలియెట్’, ‘కింగ్’ అన్నది ‘కిలో’, ‘నాన్’ అన్నది ‘నవంబర్’, ‘పీటర్’ అన్నది ‘పాపా’. ‘చార్లీ’, ‘మైక్’ మాత్రం మారలేదు. ఉత్తరంలో ‘డాగ్‌లో చలి చంపేస్తోంది’ అని ఉంటే అది 1956కు ముందుది అనుకోవచ్చు, కానీ నోటి అలవాటు ఒక్కరోజులో పోదు కాబట్టి ఆ తర్వాత ఒకటి రెండేళ్ళ దాకా అనుమానం ఉంచుకోవాలి. మనవాళ్ళు మరీ జాగ్రత్త పడాల్సింది ‘ఇండియా’ విషయంలో. ‘స్టేషన్ ఇండియా’ అని ఫోటో వెనక ఉంటే అది మన దేశం కాదు, ఐస్‌లాండ్‌కు దక్షిణాన 59 డిగ్రీల ఉత్తరం, 19 డిగ్రీల పశ్చిమం దగ్గరున్న నడిసముద్రం.

రెండోది ఓడల పేర్లు. బ్రిటన్ 1947లో యుద్ధకాలపు కొర్వెట్లు (చిన్న యుద్ధనౌకలు) నాలుగింటిని వాతావరణ నౌకలుగా మార్చింది. మార్గరీట్ వెదర్ అబ్జర్వర్ అయింది, జెనిస్టా వెదర్ రికార్డర్, స్నోఫ్లేక్ వెదర్ వాచర్, థైమ్ వెదర్ ఎక్స్‌ప్లోరర్. తర్వాతి విడతలో కాజిల్ తరగతి ఓడలు వచ్చాయి. వాటిలో వెదర్ అడ్వైజర్ తర్వాతి కాలంలో అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ అయింది, వెదర్ మానిటర్ అడ్మిరల్ బ్యూఫోర్ట్ అయింది. ‘క్యుములస్’ పేరుతో డచ్చివారికి ఒకదాని తర్వాత ఒకటి రెండు నౌకలున్నాయి, రెండోది 1980లలో బ్రిటన్‌కు వచ్చి అదే పేరుతో పనిచేసింది. అందుకని ‘తాతయ్య క్యుములస్‌లో పనిచేశారు’ అంటే ఓడ పేరు తెలిసినట్టే, ఓడ తెలిసినట్టు కాదు. యుద్ధకాలపు పేరుతో ఉన్న నౌకాదళ ఫోటోను, వాతావరణ నౌక ఫోటోను ఒకే ఓడవని గుర్తించక వేరువేరు ఫైళ్ళలో పెట్టడం సర్వసాధారణం. వెనక డెక్కు మీద ఎత్తయిన బెలూన్ షెడ్డు కనబడితే అది మార్చిన తర్వాతి ఫోటో.

మూడోది చీటీల మీద కనిపించే జంట అక్షరాలు. అమెరికా నౌకలు తమ స్టేషన్ చుట్టూ 210 నాటికల్ మైళ్ళ చతురస్రం గీసుకుని దాన్ని 10 మైళ్ళ గళ్ళుగా విడగొట్టుకునేవి. ఒక్కో గడికి రెండు అక్షరాలు. నడిమి గడి ‘ఓ ఎస్’. బీకన్ ఆ అక్షరాలే పంపేది, విమానంవాళ్ళు వాటిని బట్టి ఓడ ఎక్కడుందో తెలుసుకునేవారు. ఏ నోటుపుస్తకంలోనో ఇలాంటి జంట అక్షరాలు గంటల పక్కన వరసగా ఉంటే, పారేయాల్సిన పిచ్చిగీతలు అనుకోకండి: తుఫానులో ఓడ ఎటు కొట్టుకుపోయిందో గంటవారీగా రాసిన లెక్క అది. ఆర్కిటిక్ వలయం దాటినట్టు ఇచ్చే సరదా సర్టిఫికెట్లకూ ఈ లెక్క పనికొస్తుంది. ‘మైక్’ స్టేషన్ 66 డిగ్రీల దగ్గర, వలయం దాదాపు 66 డిగ్రీల 33 నిమిషాల దగ్గర. అంటే మధ్య దూరం 33 నాటికల్ మైళ్ళు. స్టేషన్‌లో పనిచేసినంతమాత్రాన దాటినట్టు కాదు, అయినా కొట్టుకుపోతే దాటొచ్చు. తేదీ చూడకుండా సర్టిఫికెట్ అబద్ధమనీ అనకూడదు, నిజమనీ అనకూడదు.

హామ్ రేడియో కార్డులు (ఔత్సాహికులు రేడియోలో మాట్లాడుకున్నందుకు గుర్తుగా పంపుకునేవి) దొరికితే వాటి మీది రేడియో సంకేతం చూడండి. 4వై అనేది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు ఇచ్చిన గుర్తు, సీ7 అనేది ప్రపంచ వాతావరణ సంస్థకు, అంటే మీకు, ఇచ్చినది. 1970ల మధ్యలో అట్లాంటిక్ నౌకల ఏర్పాటు మీ చేతికి వచ్చింది కాబట్టి, కార్డు ముందుదా తర్వాతిదా అన్నది ఆ మొదటి రెండు అక్షరాల్లోనే ఉంది.

ఇక్కడే మా మొదటి అభ్యర్థన. ఏ నౌక ఏ స్టేషన్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో చెప్పే ప్రయాణాల పట్టిక ఒకటి, అన్ని దేశాలదీ కలిపి, అందరికీ కనబడేలా పెట్టండి. 1975 నుంచి 1990 దాకా ‘చార్లీ’లో నిలిచిన సోవియట్ నౌకలను మరవకండి. ఆ పట్టిక ఉంటే ఒక ఫోటో వెనక ‘క్రిస్మస్, మూడో ట్రిప్పు’ అన్న మూడు మాటలు చాలు, కుటుంబమే ఇంట్లో కూర్చుని సంవత్సరం తేల్చుకుంటుంది. పట్టిక లేనప్పుడు వాళ్ళు ఊహించి రాస్తారు, ఆ ఊహ మీ కేటలాగులోకి ఎక్కి నిజమై కూర్చుంటుంది.

ఉత్తరాల దగ్గర ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఓడ స్టేషన్‌లో ఉన్నన్నాళ్ళూ రోజువారీ పోస్టు లేదు. మూడు వారాల్లో రాసిన ఉత్తరాలన్నిటికీ రేవు చేరాక ఒకేరోజు ముద్ర పడుతుంది. కాబట్టి ముద్ర మీద తేదీ రాసిన తేదీ కాదు. కవరు, లోపలి కాగితం విడిపోతే వరస పోయినట్టే. ఓడ ముద్ర ఉన్న కవర్లకు సేకర్తల దగ్గర ధర ఉంది, అందుకని కవర్లు అమ్మేసి కాగితాలు మాత్రం మీకిస్తామనే కుటుంబాలు వస్తాయి. వాళ్ళను తప్పుపట్టకుండా, అమ్మేలోపు కవరు రెండు వైపులా ఫోటో తీసి, అందులోని ఉత్తరానికి అదే నంబరు వేయమని చెప్పండి. స్టాంపు కత్తిరించొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

నంబరు వేయడమంటే 2బీ పెన్సిలుతో, వెనక అంచున, ఒత్తకుండా. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందుకు దిగుతుంది. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. పీవీసీ కవర్ల నుంచి వచ్చే ఆవిరి ఫోటోలను పాడుచేస్తుంది. పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు కొనమనండి. 1970ల నాటి జిగురు పేజీల ఆల్బముల్లో ఫోటో అంటుకుపోతే గోటితో లాగకూడదు. మైనం లేని దంతాల దారాన్ని ఒక మూల నుంచి ఫోటో వెనక్కి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే జిగురు తెగుతుంది. రాకపోతే వదిలేసి పేజీ పళంగా స్కాన్ చేయాలి. పేజీ మీద రాసిన మాటలు ఎలాగూ కావాలి కాబట్టి, ఫోటోలు తీసేముందు ప్రతి పేజీకీ ఒక స్కాన్ ఉండాల్సిందే. కాగితాలకు 400 డీపీఐ, ఫోటోలకు 600, 35 ఎంఎం స్లైడ్లకు 4000 పెట్టి టిఫ్ ఫైలుగా దాచాలి. కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో ఉంటే రంగు బాగానే నిలుపుకుంటాయి, అదే కాలపు ఇతర రకాలు ఎరుపెక్కి ఉంటాయి. సమయం తక్కువుంటే ముందు ఎరుపెక్కినవి స్కాన్ చేయండి, కోడాక్రోమ్ ఆగుతుంది.

గాలి పీడనాన్ని గీతగా గీసే బారోగ్రాఫ్ కాగితాలు ప్రత్యేకం. డ్రమ్ముకు చుట్టి వారానికొకటి మార్చే ఈ పొడవాటి కాగితాల మీద ఊదారంగు సిరా గీత ఉంటుంది. ఆ సిరా ఆరిపోకుండా గ్లిసరిన్ కలిపి చేస్తారు, కనుక అరవై ఏళ్ళయినా తేమ తగిలితే పాకుతుంది, వెలుతురులో వెలిసిపోతుంది. అద్దం వేసి గోడకు తగిలించిన కాగితం మీద గీత దాదాపు కనపడకపోవచ్చు. అప్పుడు రంగుల్లోనే స్కాన్ చేసి, ఆకుపచ్చ ఛానల్ ఒక్కటీ విడదీసి చూడండి, ఊదా గీత అందులో నల్లగా తేలుతుంది. గీత దారంలా కాక మందంగా, నూగునూగుగా ఉన్నచోట ఓడ బాగా ఊగింది. ఆ నూగును శుభ్రం చేసిన డిజిటల్ ప్రతి అందంగా ఉంటుంది, పనికిరాదు.

సినిమా రీళ్ళలో, ముఖ్యంగా 8 ఎంఎం, సూపర్ 8లలో, వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్ళడం మొదలైందని అర్థం. ఆ ఆవిరి పక్క రీళ్ళకూ అంటిస్తుంది. వాసన వచ్చినదాన్ని వేరుచేసి, గాలి చొరబడని డబ్బాలో బిగించకుండా, చల్లని చోట పెట్టాలి. ప్రొజెక్టరులో వేసి ‘ఒకసారి చూద్దాం’ అనుకోవడమే పెద్ద ప్రమాదం. కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు పళ్ళచక్రానికి సరిపడక చిరిగిపోతాయి. ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేసేచోటికే పంపాలి. ఇంటికి మాటలు రికార్డు చేసి పంపిన చిన్న టేపు రీళ్ళు కూడా ఉంటాయి. రీలు వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే కాంతి దూరితే అది అసిటేట్: పెళుసుగా తెగుతుంది, తెగినచోట నీటుగా అతికించొచ్చు. కాంతి దూరకపోతే పాలియెస్టర్: 1970, 80లలో వెనక నల్లపూత వేసిన రకాలు జిగటగా మారి, ఆడిస్తే పూత ఊడి హెడ్డుకు అంటుకుంటుంది, గొంతు ఆ పొడిలోనే పోతుంది. కీచుమన్న క్షణంలో ఆపి నిపుణుడికి ఇవ్వాలి.

పరికరాల విషయంలో ముందు భద్రత. పాదరసం థర్మామీటర్లు, బారోమీటర్లు పోస్టులో వేయించుకోకండి. ఇంటివాళ్ళకు ముందే చెప్పి, మనిషిని పంపి తెప్పించుకోండి. పగిలితే చీపురు గానీ వాక్యూం క్లీనరు గానీ పెట్టకూడదని ఆ కాగితంలోనే రాయండి. చీకట్లో వెలిగే పాత గడియారాల, కొలమానాల అంకెలకు రేడియం రంగు వేసి ఉండొచ్చు. ఇప్పుడు వెలగకపోయినా రేడియం పోలేదు, వెలుగునిచ్చే పదార్థమే చచ్చింది. అద్దం విప్పి తుడవకూడదు, పొడి లేస్తుంది. బెలూన్‌కు కట్టి ఎగరేసే కొలత పరికరం రేడియోసాండ్ పెట్టెలో పాత బ్యాటరీ ఉంటే అది కారి తీగలను తినేస్తుంది, ఫోటో తీసి, తీసేసి, ఎక్కడుండేదో రాసి పెట్టాలి.

రేడియోసాండ్ గురించి ఇంకొక్క మాట. సముద్రం మీద ఎగరేసింది సముద్రంలోనే పడుతుంది. కాబట్టి ఇంట్లో దొరికినది ఎగరనిది: పరీక్షలో తప్పిందో, మిగిలిందో. బ్రిటిష్ క్యూ రకం మార్క్ 2లో చిన్న గాలిమర తిరుగుతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ కొలిచే మూడు భాగాలను ఒకదాని తర్వాత ఒకటి కలుపుతుంది. తేమ కొలిచేది పశువు పేగు పైపొర. పురుగు దాన్నే ముందు తింటుంది. ఆ పొర లేకుండా వచ్చిన పరికరాన్ని ‘పాడైంది’ అని తిప్పిపంపకండి. పెట్టె అడుగున మడతపెట్టిన కాలిబ్రేషన్ (కొలతను సరిచూసిన లెక్క) కాగితం ఉందేమో చూడండి. ఒక్కో పరికరానికీ దాని సొంత కాలిబ్రేషన్ ఉండేది, ఆ కాగితం మీద నంబరు పరికరం మీది నంబరుతో కలిస్తే ఆ జంట విలువ ఒంటరి పరికరానికి ఎన్నోరెట్లు.

ఉన్ని కోట్లకు, యూనిఫారాలకు చిమ్మట ఉంటే పాలిథీన్ సంచిలో గాలి తీసి కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక ఒకరోజు సంచి విప్పకుండా ఆగాలి. లేకపోతే చల్లటి గుడ్డ మీద తేమ పట్టి బూజొస్తుంది. జేబులు మాత్రం ముందే వెతకండి.

ఇక అసలు చిక్కు: ఎవరిది ఏది? ఇంట్లో దొరికే లాగ్‌బుక్కుల్లో, రేడియో రిజిస్టర్లలో కొన్ని ప్రభుత్వానివి. ఓడ పాత ఇనుముకు వెళ్ళేరోజున ఎవరో చెత్తకుప్పలోంచి తీసి ఇంటికి తెచ్చుకున్నవి అవి. వాళ్ళు తీసుకుని ఉండకపోతే కాలిపోయేవి. ఇప్పుడు పిల్లలు బయటపెట్టడానికి భయపడుతున్నారు, నోటీసులొస్తాయని. ‘అధికారిక కాగితం తెచ్చి ఇచ్చినవారిని ఏమీ అడగం, ఇచ్చినవారి పేరు రికార్డులో ఉంచుతాం, స్కాన్ ప్రతి ఇస్తాం’ అని మీ శాఖలు రాతపూర్వకంగా ప్రకటించాలి. ఇది మా రెండో అభ్యర్థన, మాకు అన్నిటికన్నా అత్యవసరంగా తోచేది. ఇలాంటి ప్రకటన లేనిచోట కాగితాలు చీకటి బజారుకో పొయ్యికో పోతాయి.

దానపత్రంలో రెండు హక్కులు విడివిడిగా రాయించుకోండి. ఉత్తరం కాగితం అందుకున్నవారి ఆస్తి, అందులోని మాటల మీద కాపీరైటు రాసినవారిది, తర్వాత వారసులది. బ్రిటన్‌లో అది రాసినవారు పోయాక 70 ఏళ్ళు ఉంటుంది, మన దేశంలో 60 ఏళ్ళు. సొంత కెమెరాతో తోటివాడు తీసిన ఫోటో హక్కు తోటివాడిది. కాగితం ఇచ్చి హక్కు ఇవ్వని దానపత్రంతో మీరు బీరువాలో పెట్టుకోగలరు గానీ ఎవరికీ చూపలేరు. ఉత్తరాల్లో ఓడ డాక్టరు దగ్గరికి ఎవరు ఎందుకు వెళ్ళారో, ఎవరి సంసారం ఎలా చెడిందో ఉంటుంది. బతికున్నవారి పేర్లున్న పేజీలను కొన్నేళ్ళు మూసి ఉంచే వీలు పత్రంలోనే పెట్టండి. నల్లసిరా కొట్టమని కుటుంబాన్ని అడగకండి.

మాటలు రికార్డు చేసేటప్పుడు ‘ఓడ జీవితం ఎలా ఉండేది?’ అని అడిగితే ‘చలి, వాంతులు, మంచి స్నేహితులు’ అనే మూడు జవాబులే వస్తాయి. చేతికి ఒక ఫోటో ఇచ్చి అడగండి. గాలిలో తేమ కొలవడానికి వాడే తడి బల్బు థర్మామీటరుకు చుట్టిన మస్లిన్ గుడ్డ ఎన్ని రోజులకు మార్చేవారు? ఎగిసిన తుంపర ఉప్పు గుడ్డకు పట్టితే ఆవిరి తగ్గి అంకె ఎక్కువ చూపిస్తుంది, గాలిలో లేని తేమ ఉన్నట్టు రికార్డవుతుంది. కొందరు రోజూ మార్చారు, కొందరు మార్చకుండా వదిలేశారు, పుస్తకంలో మాత్రం అందరూ ఒకేలా రాశారు. అర్ధరాత్రి గాలి వేగం 60 నాట్లు (గంటకు సుమారు 110 కిలోమీటర్లు) ఉన్నప్పుడు బెలూన్ షెడ్డులోంచి ఎలా వదిలారు, తాడు ఎక్కడ తెగేది? అల ఎత్తు కంటితో అంచనా వేసేటప్పుడు ఓడలో దేన్ని కొలమానంగా పెట్టుకున్నారు? వంటవాడిని, ఇంజన్ గదిలో నూనె పోసినవాడిని కూడా పిలవండి, నీటి గొట్టం థర్మామీటరు చూసింది వాళ్ళే. ఒక విడతకు గంట చాలు, ఎనభై దాటినవారికి ముప్పావుగంట మేలు. చొక్కాకు పెట్టే మైకుతో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గదిలో ఫ్యాను ఆపేయండి.

మన తీరానికీ ఈ పనితో సంబంధం ఉంది. అట్లాంటిక్ ఒప్పందాల కింద భారత్ నౌకలేవీ నడపలేదు. కానీ 1977లో, మళ్ళీ 1979 మాన్సూన్ ప్రయోగంలో సోవియట్ పరిశోధన నౌకలు అరేబియా సముద్రంలో, బంగాళాఖాతంలో చతురస్రంగా నిలబడి రుతుపవనాన్ని కొలిచాయి. 1999 జులై, ఆగస్టుల్లో భారత పరిశోధన నౌక సాగర్ కన్య బంగాళాఖాతంలో ఒకేచోట నిలిచి రేడియోసాండ్లు ఎగరేసింది. అంతకన్నా ముందు, 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాక, విశాఖ విద్యార్థులు భారత నౌకాదళం ఓడల మీద వెళ్ళి సముద్రాన్ని కొలిచారు. స్వచ్ఛందంగా వాతావరణం చూసి రాసే వాణిజ్య ఓడల లాగ్‌పుస్తకాలకు విశాఖపట్నంలో రేవు వాతావరణ కార్యాలయం ఉంది. ఆ ఓడల మీద పనిచేసిన మన తీరప్రాంతం వాళ్ళ ఇళ్ళలోనూ పెట్టెలున్నాయి. అట్లాంటిక్ కుటుంబాలకు వెనిగర్ వాసన బాధైతే, మన తీరంలో ఉప్పుగాలి, చెద, వెండి పురుగు, వర్షాకాలపు బూజు. నాఫ్తలీన్ ఉండలు వేయకండి, కొన్ని ప్లాస్టిక్ స్లైడు పెట్టెలను అవి మెత్తబరుస్తాయి. పెట్టెను గోడకు, నేలకు తగలకుండా బల్ల మీద ఉంచి, లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడల్లా ఆరబెట్టి మార్చాలి. భారత వాతావరణ శాఖ, హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కలిసి ఈ కుటుంబాలకు ఒక పిలుపు ఇస్తే, మీ ఉమ్మడి ఫారంలోనే బంగాళాఖాతానికి కూడా ఒక గడి ఉంటుంది. గ్రీనాక్, బాల్టిమోర్, విక్టోరియా లాంటి పాత వాతావరణ నౌకల ఊళ్ళలో ఉంటున్న తెలుగువారు కూడా ఎదురింటి ముసలాయన ఏ ఓడలో పనిచేశాడో ఒకసారి అడగండి.

చివరిగా స్వీకరణ గురించి. చిన్నవని ఏదీ తిప్పిపంపకండి: భోజనాల పట్టిక, డార్ట్స్ పోటీ కాగితం, డబ్బుల చీటీ. ఎవరు ఏ ట్రిప్పులో ఉన్నారో చెప్పేవి తరచుగా అవే. ఒక ఇంటి పెట్టెను ఫోటోల విభాగానికి కొంత, పరికరాల విభాగానికి కొంత పంచేయాల్సి వస్తే, విడదీసేముందు పెట్టె ఎలా ఉందో పైనుంచి పొరపొరగా ఫోటోలు తీసి, అన్నిటికీ ఒకే దాత నంబరు వేయండి. ఇవ్వడానికి మనసొప్పని కుటుంబాలకు స్కాన్ చేసి నెలలోపు తిరిగిచ్చే పద్ధతి ఉండాలి. తిరిగిచ్చేటప్పుడు మంచి కవర్లలో పెట్టి ఇవ్వండి, ఆ ఖర్చు చాలా తక్కువ, కాగితం మరో యాభై ఏళ్ళు నిలుస్తుంది.

ప్రయాణాల పట్టిక, ఏమీ అడగమన్న ప్రకటన, అన్ని దేశాలకూ ఒకే ఫారం. ఈ మూడింటికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. పట్టికకు కావలసిన ఓడల రికార్డులు మీ బీరువాల్లోనే ఉన్నాయి. వాటిలో ముందు 1947 నుంచి 1960 దాకా ఉన్నవి తీయండి. ఆ ఏళ్ళలో పనిచేసినవారిలో జవాబు చెప్పగలిగినవారు అతి కొద్దిమందే మిగిలారు.

ఇట్లు,
పాత ఓడల వాతావరణ పత్రాల సేకరణ, సంరక్షణ పనిలో ఉన్న కొందరం